టెస్టులన్నీ పాస్, కానీ స్థితి అడిగితే మెసేజే రద్దైపోతోంది

ప్రశ్న: మాది పైథాన్‌లో రాసిన నోటిఫికేషన్ సర్వీసు. ఎస్సెమ్మెస్, ఈమెయిల్, వాట్సాప్ అని మూడు ఛానెళ్లు. మూడింటికీ ఒకటే ఇంటర్‌ఫేస్: పంపు, స్థితి, రద్దు అనే మూడు మెథడ్లు. ఛానెల్ క్లాసుల్ని చేత్తో రాయలేదు. యామల్ ఫైల్లో వివరాలు పెట్టుకుని, సర్వీసు లేచేటప్పుడు టైప్ ఫంక్షన్‌తో పుట్టిస్తాం. పంపు మాత్రం ఒక్కో ఛానెల్‌కి విడిగా రాసిన ఫంక్షన్. స్థితి, రద్దు ఒక లూప్‌లో తయారవుతాయి. వీటి పైన రీట్రై కోసం డండర్ గెట్‌ఆటర్‌తో (ఆబ్జెక్ట్‌లో లేని పేరు అడిగితే పైథాన్ పిలిచే మెథడ్) ఒక రేపర్, అంటే ఛానెల్‌ని చుట్టుకుని ఉండే క్లాసు, తొడిగాం. యూనిట్ టెస్టులన్నీ మాక్‌తో (అసలు ఆబ్జెక్ట్ బదులు పెట్టే డమ్మీ) రాశాం, అన్నీ పాస్. ప్రొడక్షన్‌లో మాత్రం మూడు గొడవలు. స్థితి అడిగితే మెసేజే రద్దైపోతోంది. వాట్సాప్‌లో గడువు అనే ఆర్గ్యుమెంట్ ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తోంది. పైథాన్ 3.11 నుంచి 3.12కి మారాక ఈజ్‌ఇన్‌స్టెన్స్ చెక్ మా రేపర్‌ని ఛానెల్‌గా ఒప్పుకోవడం లేదు. డైనమిక్ పద్ధతే మానేయాలా, టెస్టులు రాసే తీరు మార్చుకోవాలా?

సమాధానం: మూడు గొడవలకీ కారణాలు వేరు. అవి టెస్టుల కంట పడకపోవడానికి కారణం మాత్రం ఒకటే. మీ ఫ్యాక్టరీ పుట్టించిన అసలు ఆబ్జెక్ట్‌ని మీ టెస్టుల్లో ఒక్కటి కూడా ముట్టుకోలేదు. మాక్ పెట్టి రాసిన టెస్టు, ఛానెల్‌ని వాడుకునే కోడ్ సరిగ్గా వాడుకుంటోందా అని మాత్రమే చూస్తుంది. ఛానెల్ తన మాట నిలబెట్టుకుంటోందా అన్నది దాని పని కాదు. చేత్తో రాసిన క్లాసైతే కనీసం ఫైలు తెరిచి చదివినవాడికైనా తప్పు కనపడేది. మీ క్లాసులు ఏ ఫైల్లోనూ లేవు, సర్వీసు లేచాకే పుడతాయి. కాబట్టి వాటిని చదివే కన్ను టెస్టు ఒక్కటే.

ఒక చిన్న మాట. పైథాన్ పేర్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాం. 'డండర్' అంటే పేరుకు ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు ఉన్నట్టు.

స్థితి అడిగితే రద్దవడం అనేది లూప్‌లో ఫంక్షన్లు పుట్టించే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బ. లూప్ లోపల లాంబ్డా గానీ మామూలు ఫంక్షన్ గానీ రాస్తే అది లూప్ వేరియబుల్ విలువను దాచుకోదు, ఆ వేరియబుల్‌నే పట్టుకుని ఉంటుంది. మీరు పిలిచిన క్షణంలో అందులో ఏముందో అప్పుడు చూసుకుంటుంది. అప్పటికి లూప్ ఎప్పుడో అయిపోయి, వేరియబుల్‌లో చివరి పేరు మిగిలి ఉంటుంది. మీ వరుసలో చివరిది రద్దు. అందుకే స్థితి అని పిలిచినా రద్దు అని పిలిచినా వెళ్లేది రద్దుకే. నిర్ధారించుకోవడం తేలిక: లూప్‌లో పేర్ల వరుస తిరగేయండి. ఈసారి రద్దు అడిగితే స్థితి వస్తుంది. లేదా పుట్టిన స్థితి ఫంక్షన్ తాలూకు డండర్ క్లోజర్‌లోని సెల్‌ని తెరిచి, సెల్ కంటెంట్స్ ప్రింట్ చేయండి. అందులో 'రద్దు' అని కనిపిస్తే ఇక అనుమానం లేదు.

దీనికి మూడు మందులు చెబుతారు, మూడూ సమానం కాదు. మొదటిది, లూప్ వేరియబుల్‌ని డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా పెట్టడం. పని చేస్తుంది గానీ ఆ ఆర్గ్యుమెంట్ మెథడ్ సిగ్నేచర్‌లోకి చేరిపోతుంది. ఎవరైనా పొరపాటున ఒక విలువ అదనంగా ఇస్తే ఎర్రర్ రాకుండా అది ఆ ఖాళీలోకి పోయి కూర్చుంటుంది. రెండోది ఫంక్‌టూల్స్‌లోని పార్షల్. దాన్ని క్లాసులో మెథడ్‌గా పెడితే సెల్ఫ్ అందుతుందా లేదా అన్నది పైథాన్ వెర్షన్‌ని బట్టి మారింది. మెథడ్ కోసం పార్షల్‌మెథడ్ అని విడిగా ఒకటి 3.4 నుంచీ ఉంది. మూడోది, మా ఓటు దీనికే: పేరు తీసుకుని ఫంక్షన్‌ని తిరిగిచ్చే చిన్న తయారీ ఫంక్షన్ ఒకటి లూప్ బయట రాసి, లూప్‌లో దాన్ని పిలవడం. ప్రతి పిలుపుకీ కొత్త స్కోపు ఏర్పడుతుంది కాబట్టి ఒకదాని పేరు ఇంకొకదానికి అంటదు. ఆ తయారీ ఫంక్షన్‌లోనే పుట్టిన ఫంక్షన్‌కి డండర్ నేమ్, డండర్ క్వాల్‌నేమ్ కూడా పెట్టేయండి. లేకపోతే ఫంక్షన్‌ని ప్రింట్ చేసినప్పుడూ, టైప్‌ఎర్రర్ సందేశాల్లోనూ అన్ని మెథడ్లూ ఒకే పేరుతో కనిపించి, ఏది ఏదో తెలియక తల పట్టుకోవాలి.

ఇప్పుడు దీన్ని పట్టుకునే టెస్టు. మీ ఛానెల్ కింద నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగం ఒకటి ఉంటుంది కదా, దాన్ని ట్రాన్స్‌పోర్ట్ అందాం. డూప్లికేట్ పెట్టాల్సింది అక్కడ, ఛానెల్ దగ్గర కాదు. వచ్చిన ప్రతి పిలుపునూ ఒక లిస్టులో రాసిపెట్టుకునే పది లైన్ల క్లాసు చాలు. టెస్టు అసలు యామల్ ఫైలుతో, అసలు ఫ్యాక్టరీతో ఛానెల్‌ని పుట్టించి, కింద ఈ నకిలీ ట్రాన్స్‌పోర్ట్ పెట్టి, స్థితి అని ఒక్కసారి పిలవాలి. తర్వాత ఆ లిస్టులో సరిగ్గా ఒక్క ఎంట్రీ ఉందా, అది స్థితేనా అని చూడాలి. 'స్థితి ఉందా' అంటే సరిపోదు, లిస్టు మొత్తం సమానమా అనే అడగాలి. స్థితితో పాటు ఇంకేదైనా వెళ్లినా అప్పుడే పట్టుబడుతుంది. ఇదే టెస్టు మూడు ఛానెళ్లకీ మూడు మెథడ్లకీ నడవాలి, అంటే 9 కేసులు. 'ఒక ఛానెల్‌లో ఒక మెథడ్ చూస్తే మిగతావీ అంతేగా' అనుకుంటే మళ్లీ అదే గోతిలో పడతారు. ఈ తప్పులో లూప్‌లోని చివరి మెథడ్ ఎప్పుడూ సరిగ్గానే పనిచేస్తుంది. మీరు ఎంచుకున్న నమూనా రద్దే అయితే టెస్టు నిక్షేపంగా పాసవుతుంది.

కవరేజ్ రిపోర్టును కూడా ఇక్కడ నమ్మొద్దు. లూప్‌లో పుట్టిన మెథడ్లన్నిటికీ సోర్సులో ఉన్నది అవే రెండు మూడు లైన్లు. వాటిలో ఏ ఒక్కటి నడిచినా ఆ లైన్లు నడిచినట్టే లెక్క. ఒక్క మెథడ్‌ని మాత్రమే టెస్టు చేసి నూటికి నూరు శాతం తెచ్చుకోవచ్చు.

గడువు దగ్గర వచ్చిన టైప్‌ఎర్రర్ సంగతి. మామూలు మాక్ ఆబ్జెక్ట్ గంగిరెద్దు లాంటిది, ఏం అడిగినా తలూపుతుంది. లేని మెథడ్ పిలిచినా, ఉన్న మెథడ్‌కి లేని ఆర్గ్యుమెంట్ ఇచ్చినా సరే. వాట్సాప్ పంపు ఫంక్షన్‌లో గడువు అనే పేరే లేదన్న సంగతి దానికెలా తెలుస్తుంది? మాక్‌కి స్పెక్ అని ఇస్తే లేని పేర్లను ఒప్పుకోదు, కానీ పిలిచేటప్పుడు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లను పట్టించుకోదు. క్రియేట్ ఆటోస్పెక్ అనేది మెథడ్ సిగ్నేచర్లు కూడా చూసి, సరిపడని పిలుపు వస్తే టైప్‌ఎర్రర్ ఇస్తుంది. ఛానెల్‌ని వాడుకునే కోడ్‌కి టెస్టులు రాసేచోట దీన్నే వాడండి, ఇన్‌స్టెన్స్ ఈక్వల్స్ ట్రూ అని ఇవ్వడం మర్చిపోకండి.

అయితే దేని మీద నుంచి ఆటోస్పెక్ తయారు చేస్తున్నారన్నది ముఖ్యం. మీ రేపర్ మీద నుంచి చేస్తే అందులో పంపు, స్థితి, రద్దు కనపడవు. ఆటోస్పెక్ డిర్ ఫంక్షన్ ఇచ్చే పేర్ల జాబితా మీద ఆధారపడుతుంది. గెట్‌ఆటర్ ద్వారా అప్పటికప్పుడు దొరికే పేర్లు ఆ జాబితాలో ఉండవు. డండర్ ఇనిట్‌లో పెట్టిన ఆట్రిబ్యూట్లు కూడా క్లాసు మీద నుంచి చూస్తే ఉండవు. అందుకని ఇంటర్‌ఫేస్‌ని ప్రోటోకాల్ క్లాసుగా (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే క్లాసు) ఒక్కచోట రాసి, ఆటోస్పెక్‌ని దాని మీద నుంచే చేయండి. ప్రోటోకాల్ టైపింగ్ మాడ్యూల్‌లో 3.8 నుంచీ ఉంది.

మాజిక్‌మాక్ వల్ల ఇంకో ఇబ్బంది. అది లెన్, ఇటర్, ఎంటర్, ఎగ్జిట్ లాంటి డండర్ మెథడ్లకు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది. మీ కోడ్ ఎక్కడైనా ఛానెల్‌ని విత్ బ్లాకులో వాడుతుంటే మాజిక్‌మాక్‌తో టెస్టు పాసవుతుంది, అసలు రేపర్‌తో పగిలిపోతుంది. ఎందుకంటే విత్, లెన్, ఫర్ లాంటివి డండర్ మెథడ్లను ఆబ్జెక్ట్ మీద కాకుండా దాని టైప్ మీద వెతుకుతాయి. ఆ వెతుకులాటలో గెట్‌ఆటర్‌కి పిలుపే రాదు. లోపలి ఛానెల్‌కి డండర్ ఎంటర్ ఉన్నా, రేపర్ క్లాసులో విడిగా రాయకపోతే లేనట్టే. రేపర్ రాసినవాళ్లలో చాలామందికి ఈ సంగతి ప్రొడక్షన్‌లోనే తెలుస్తుంది.

ఇక 3.12 గొడవ. మీ ప్రోటోకాల్‌కి రన్‌టైమ్ చెకబుల్ డెకరేటర్ పెట్టి, దానితో ఈజ్‌ఇన్‌స్టెన్స్ అడుగుతున్నారని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. 3.11 దాకా ఆ చెక్ లోపల హ్యాజ్‌ఆటర్‌ని వాడేది. హ్యాజ్‌ఆటర్ గెట్‌ఆటర్‌ని పిలుస్తుంది కాబట్టి రేపర్ 'ఆ, ఉంది' అనేది. 3.12 నుంచి ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌ఆటర్ స్టాటిక్ వాడుతున్నారు. ఇది ఏ కోడ్‌నీ నడపకుండా, ఆబ్జెక్ట్‌లోనూ క్లాసులోనూ రాసి ఉన్న పేర్లను మాత్రమే చూస్తుంది. గెట్‌ఆటర్ పుట్టించే పేర్లు దానికి లేవు. మీ ఛానెల్ క్లాసుల్లో మెథడ్లు క్లాసు డిక్షనరీలోనే ఉంటాయి కనక అవి ఇప్పటికీ నెగ్గుతున్నాయి, రేపర్ ఒక్కటే ఓడుతోంది. పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఈ మార్పు రాసి ఉంది, మీ తప్పేం లేదు.

ఇంతకుముందు నెగ్గినప్పుడు మాత్రం ఆ చెక్ ఏం నిరూపించిందని? రన్‌టైమ్ చెకబుల్ పేర్లు ఉన్నాయా లేదా అని తప్ప ఆర్గ్యుమెంట్లు ఎన్ని, ఏవి అని చూడదు. గడువు లేని వాట్సాప్ పంపు కూడా అక్కడ దర్జాగా పాసైంది. కాబట్టి దాన్ని ఎలాగోలా బతికించాలని చూడకండి.

ప్రోటోకాల్ బదులు ఏబీసీ (అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాసు) వాడదామా అని కొందరు అడుగుతుంటారు. వాడొచ్చు, మెథడ్ రాయకపోతే ఆబ్జెక్ట్ తయారుకాదు, అంతవరకు మేలే. కానీ డైనమిక్ క్లాసుల దగ్గర రెండు చిక్కులున్నాయి. క్లాసు పుట్టిన క్షణంలోనే ఇంకా ఏ మెథడ్లు రాయాలో లెక్క కట్టేస్తుంది. ఆ తర్వాత సెట్‌ఆటర్‌తో మెథడ్లు అతికిస్తే, అవి ఉన్నా సరే 'ఇది అబ్‌స్ట్రాక్ట్ క్లాసు' అంటూ ఆబ్జెక్ట్ చేయనివ్వదు. 3.10లో వచ్చిన అప్‌డేట్ అబ్‌స్ట్రాక్ట్ మెథడ్స్ అనే ఫంక్షన్ దీనికోసమే. అంతకంటే తేలిక, టైప్‌ని పిలిచే ముందే మెథడ్లన్నీ డిక్షనరీలో పెట్టేయడం. రెండో చిక్కు రిజిస్టర్. ఏబీసీకి ఏ క్లాసునైనా రిజిస్టర్ చేస్తే ఈజ్‌ఇన్‌స్టెన్స్ ఔనంటుంది, ఆ క్లాసులో ఒక్క మెథడ్ లేకపోయినా సరే. పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఇప్పుడు మీరు కట్టాల్సింది కాంట్రాక్ట్ టెస్టు. అంటే ఇంటర్‌ఫేస్ ఇచ్చిన మాటను ఒకేచోట టెస్టులుగా రాసి, ఆ మాట ఇచ్చిన ప్రతి ఆబ్జెక్ట్ మీదా అవే టెస్టులు నడపడం. పైటెస్ట్‌లో దీనికి ఒక ఫిక్స్‌చర్ (టెస్టుకి కావలసినది తయారుచేసి ఇచ్చే ఫంక్షన్) చాలు. దాని పారమ్స్‌లో ఛానెల్ పేర్లు, ఉత్త స్ట్రింగులు పెట్టండి. ఆబ్జెక్ట్‌ని ఫిక్స్‌చర్ లోపల, ఆ పేరు చూసి పుట్టించండి. పారమ్స్‌లోనే ఆబ్జెక్టులు తయారుచేసి పెడితే ఫ్యాక్టరీ టెస్టులు పోగేసే దశలోనే నడుస్తుంది. ఒక ఛానెల్ యామల్‌లో తప్పుంటే ఆ ఫైల్లోని టెస్టులన్నీ ఒక్కసారిగా కూలి, ఏ ఛానెల్ పాడైందో వెతుక్కోవాల్సి వస్తుంది. స్కోపు ఫంక్షన్‌గానే ఉంచండి, అంటే ప్రతి టెస్టుకీ తాజా ఆబ్జెక్ట్. ఫిక్స్‌చర్ ఇచ్చేది రేపర్ తొడిగిన ఛానెల్ అవ్వాలి, ప్రొడక్షన్‌లో నడిచేది అదే కాబట్టి.

పారమ్స్‌లోకి పేర్లు ఎక్కడి నుంచి రావాలి? ఛానెళ్లు నమోదయ్యే రిజిస్ట్రీ నుంచి తీసుకోవడం ముచ్చటగా ఉంటుంది, రేపు నాలుగో ఛానెల్ వస్తే టెస్టు దానంతటదే వస్తుంది. కానీ ఏ కారణంగానో రిజిస్ట్రీ ఖాళీగా ఉందనుకోండి, ఉదాహరణకు ఛానెల్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసేలోపే పైటెస్ట్ ఆ జాబితా చదివేసింది. ఖాళీ జాబితా వస్తే పైటెస్ట్ ఆ టెస్టుని ఫెయిల్ చేయదు, స్కిప్ చేస్తుంది. మీ సీఐ (టెస్టుల్ని దానంతటదే నడిపే వ్యవస్థ) పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, లోపల ఒక్క టెస్టూ నడవదు. పైటెస్ట్ సెట్టింగుల్లో ఎంప్టీ పారామీటర్ సెట్ మార్క్ అనేదాన్ని ఫెయిల్ ఎట్ కలెక్ట్‌గా మార్చితే ఖాళీ జాబితా ఎర్రర్ అవుతుంది. దానితో పాటు ఇంకో చిన్న టెస్టు రాయండి: రిజిస్ట్రీలోని పేర్ల సెట్, చేత్తో రాసిన మూడు పేర్ల సెట్‌కి సమానమా అని. సంఖ్య 3 అవునా అని కాదు, పేర్లు ఇవేనా అని. కొత్త ఛానెల్ వచ్చినప్పుడు ఈ టెస్టు పగులుతుంది. ఎవరో ఒకరు వచ్చి ఆ పేరు చేత్తో చేర్చాలి. ఆ పాటి శ్రమ ఉండటమే మంచిది.

పైటెస్ట్ లేకుండా యూనిట్‌టెస్ట్‌తోనే సాగిస్తున్నట్టైతే కాంట్రాక్ట్‌ని టెస్ట్‌కేస్ నుంచి వారసత్వం తీసుకోని మామూలు మిక్సిన్ క్లాసులో రాసి, ఒక్కో ఛానెల్‌కి మిక్సిన్, టెస్ట్‌కేస్ రెండూ కలిపిన చిన్న క్లాసు పెట్టండి. కాంట్రాక్ట్ క్లాసే టెస్ట్‌కేస్ అయితే రన్నర్ దాన్ని కూడా ఒక టెస్టుగా ఎత్తుకుని, ఛానెల్ లేదంటూ ఫెయిల్ చేస్తుంది. సబ్‌టెస్ట్ లూపుతో కానిచ్చేద్దామనిపిస్తుంది గానీ అక్కడ సెటప్ ఒక్కసారే నడుస్తుంది, ఒక ఛానెల్ మిగిల్చిన చెత్త తర్వాతి దానికి అంటుకుంటుంది.

కాంట్రాక్ట్‌లో రెండు పొరలు ఉండాలి. ఆకారం చూసేది ఒకటి, నడవడిక చూసేది ఒకటి.

ఆకారానికి ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని సిగ్నేచర్ ఫంక్షన్. ప్రోటోకాల్ మెథడ్ సిగ్నేచర్, ఛానెల్ మెథడ్ సిగ్నేచర్ రెండూ అక్షరాలా సమానమా అని పోల్చకండి. క్లాసు మీద నుంచి తీసిన సిగ్నేచర్‌లో సెల్ఫ్ ఉంటుంది, ఆబ్జెక్ట్ మీద నుంచి తీసినదాంట్లో ఉండదు. పైగా ఛానెల్‌లో డిఫాల్ట్ ఉన్న అదనపు ఆర్గ్యుమెంట్ ఒకటి ఉంటే అది తప్పు కాదు, అయినా పోలిక తప్పంటుంది. మీ కోడ్ నిజంగా ఎలా పిలుస్తుందో ఆ నమూనాలు రాసుకోండి: పంపుకి నంబరు, పాఠం, పంపుకే నంబరు, పాఠం, గడువు 30, స్థితికి ఐడీ, రద్దుకి ఐడీ. ప్రతి నమూనానీ సిగ్నేచర్ తాలూకు బైండ్‌కి ఇవ్వండి. బైండ్ అసలు ఫంక్షన్‌ని నడపదు, ఆ ఆర్గ్యుమెంట్లు కుదురుతాయా లేదా అని చూసి, కుదరకపోతే టైప్‌ఎర్రర్ ఇస్తుంది. మీ వాట్సాప్ తప్పు ఇక్కడ మొదటి పరుగులోనే బయటపడేది.

బైండ్‌ని బోల్తా కొట్టించేది స్టార్ ఆర్గ్స్, డబుల్ స్టార్ క్వార్గ్స్ ఉన్న ఫంక్షన్. దానికి ఏ పిలుపైనా కుదురుతుంది. రీట్రై డెకరేటర్లు సాధారణంగా ఇలాగే ఉంటాయి. ఫంక్‌టూల్స్‌లోని రాప్స్ వాడితే సిగ్నేచర్ ఫంక్షన్ డెకరేటర్ వెనకున్న అసలు ఫంక్షన్‌ని చూపిస్తుంది. కనుక రేపర్ తిరిగిచ్చే ఫంక్షన్‌కి తప్పకుండా రాప్స్ పెట్టండి. కొందరు డండర్ సిగ్నేచర్ అనే ఆట్రిబ్యూట్‌లో కావలసింది రాసేస్తారు. అది దుకాణం ముందు బోర్డు లాంటిది. బోర్డు మీద ఏం రాసినా లోపల సరుకు మారదు. అందుకే రెండో పొర కావాలి.

నడవడిక టెస్టుల్లో ఏముండాలన్నది మీ ఇంటర్‌ఫేస్ ఇచ్చిన మాటను బట్టి ఉంటుంది. మీ మూడు మెథడ్లకి మేమైతే ఇవి రాస్తాం. పంపు ఖాళీ కాని స్ట్రింగ్‌ని ఐడీగా ఇవ్వాలి. ఆ ఐడీతో స్థితి రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఒకటే జవాబు రావాలి, అంటే అడగడం వల్ల ఏమీ మారకూడదు. మీ మొదటి తప్పు దీనికీ దొరికేది. తెలియని ఐడీకి స్థితి అడిగితే నన్ రాకూడదు, లుకప్‌ఎర్రర్ రావాలి. రద్దు రెండోసారి పిలిస్తే పగలకుండా ఫాల్స్ రావాలి. తెలియని ఐడీ, రెండోసారి రద్దు లాంటి మూలల దగ్గరే ఛానెళ్లు తలో రకంగా ప్రవర్తిస్తాయి. ఒకటి నన్ ఇస్తుంది, ఒకటి కీఎర్రర్ విసురుతుంది, ఇంకొకటి ఖాళీ డిక్షనరీ చేతిలో పెడుతుంది. మొదటిసారి కాంట్రాక్ట్ నడిపినప్పుడు ఎక్కువ ఎరుపు ఇక్కడే కనిపిస్తుంది. అప్పుడు ఏది సరైనదో మీ టీమ్ కూర్చుని తేల్చుకోవాలి. టెస్టు ఆ పని చేసిపెట్టదు.

మెథడ్లు ఎసింక్ అయితే ఇంకొకటి చూడాలి. ఎవెయిట్ చేయడం మర్చిపోయిన పిలుపు ఒక కోరుటీన్ ఆబ్జెక్ట్‌ని ఇస్తుంది, ఇఫ్‌లో అది ఎప్పుడూ నిజమే అవుతుంది. 'ఐడీ వచ్చిందా' అని మాత్రమే చూసే టెస్టు దాన్ని ఒప్పుకుంటుంది. స్ట్రింగేనా అని టైప్ చూసి అడగండి.

టెస్టుల్లో వాడుకోవడానికి మెమరీలోనే నడిచే నకిలీ ఛానెల్ ఒకటి చేసుకుంటే, దాన్ని కూడా ఈ ఫిక్స్‌చర్‌లో నాలుగో పేరుగా పెట్టేయండి. మాక్ కంటే ఇలాంటి నకిలీ మాకు ఎక్కువ ఇష్టం. అది కాంట్రాక్ట్ నెగ్గిందంటే దాన్ని నమ్మి రాసిన మిగతా టెస్టులకు ఒక ఆధారం ఉన్నట్టే. మాక్‌కి ఆ పరీక్ష పెట్టే దారే లేదు.

కాంట్రాక్ట్ రాసేశాక దాన్నే ఒకసారి పరీక్షించండి. టెస్టు ఫైల్లోనే మూడు చెడ్డ ఛానెళ్లు కావాలని రాయండి: రద్దు లేనిది ఒకటి, పంపులో గడువు లేనిది ఒకటి, స్థితిని రద్దుకి కలిపేసింది ఒకటి. ఆకారం చూసే ఫంక్షన్ మొదటి రెండింటినీ తిప్పికొట్టాలి, మూడోదాన్ని వదిలేయాలి. మూడోది నడవడిక దగ్గర పట్టుబడాలి. ఎప్పుడూ ఎర్రబడని టెస్టు పనిచేస్తోందో లేదో ఎవరికీ తెలియదు.

రీట్రైకి విడిగా టెస్టు కావాలి, అది చిన్నదే. రెండుసార్లు కనెక్షన్‌ఎర్రర్ ఇచ్చి మూడోసారి పలికే ట్రాన్స్‌పోర్ట్ పెట్టండి. స్లీప్ ఫంక్షన్‌ని రేపర్‌కి బయటి నుంచి ఇవ్వండి, టెస్టులో దాని బదులు లిస్టుకి అప్పెండ్ చేసేది ఇవ్వండి. పిలుపులు 3, ఆగినవి 2 అని చూడండి. టైప్‌ఎర్రర్ వస్తే మాత్రం పిలుపు 1 దగ్గరే ఆగాలి. ఎక్సెప్షన్లన్నిటినీ పట్టేసుకునే రేపర్, ఆర్గ్యుమెంట్ తప్పునూ మూడేసిసార్లు ప్రయత్నించి లాగులో అసలు కారణాన్ని పాతిపెడుతుంది. మీ రేపర్ అలాంటిదేమో చూసుకోండి.

మానేయాలా అని అడిగారు. ఛానెల్ క్లాసుల్ని యామల్ నుంచి పుట్టించడం ఉంచుకోండి, కాంట్రాక్ట్ టెస్టు ఉంటే దానివల్ల నష్టం లేదు. రేపర్‌లో గెట్‌ఆటర్ మాత్రం తీసేయండి. ఉన్నదే మూడు మెథడ్లు. మూడింటినీ పేరు పెట్టి రాసి, ఒక్కోటి లోపలి ఛానెల్‌ని రీట్రై ద్వారా పిలిచేలా చేస్తే మూడు రెళ్లు ఆరు లైన్లు. 3.12 చెక్ దానంతటదే నెగ్గుతుంది, ఆటోస్పెక్‌కి పేర్లు కనపడతాయి, ఇన్నాళ్లూ గెట్‌ఆటర్‌ని చూసి నోరు మూసుకున్న మైపై (టైపులు తనిఖీ చేసే సాధనం) కూడా మాట్లాడటం మొదలెడుతుంది. ముప్పై నలభై మెథడ్లున్న క్లయింట్‌కి రేపర్ అయితే గెట్‌ఆటర్‌కి అర్థముంది.

ఏదో కారణంగా దాన్ని ఉంచాల్సే వస్తే మూడు టెస్టులు అదనంగా రాయండి. లేని పేరు అడిగితే ఆట్రిబ్యూట్‌ఎర్రర్ రావాలి. నన్ ఇచ్చినా, కీఎర్రర్ వచ్చినా హ్యాజ్‌ఆటర్ చెడిపోతుంది, అది మింగేది ఆట్రిబ్యూట్‌ఎర్రర్ ఒక్కదాన్నే. రెండోది, రేపర్‌లో ప్రాపర్టీ ఏదైనా ఉంటే, దాని లోపల ఆట్రిబ్యూట్‌ఎర్రర్ పుట్టేలా చేసి ఏ సందేశం వస్తోందో చూడండి. పైథాన్ ఆ ఎర్రర్‌ని 'ఈ పేరు లేదు' అని అర్థం చేసుకుని గెట్‌ఆటర్‌కి వెళ్లిపోతుంది, చివరికి మీకు కనిపించే సందేశం అసలు తప్పు గురించి ఒక్క ముక్క చెప్పదు. మూడోది, రేపర్‌ని కాపీ మాడ్యూల్‌తో కాపీ చేయండి. కాపీ చేసేటప్పుడు డండర్ ఇనిట్ నడవకుండానే ఖాళీ ఆబ్జెక్ట్ పుడుతుంది. దానిమీద డండర్ సెట్‌స్టేట్ ఉందా అని అడుగుతారు. అది లేదు కనక గెట్‌ఆటర్‌కి వస్తుంది. గెట్‌ఆటర్ లోపలి ఛానెల్ కోసం సెల్ఫ్‌లో చూస్తుంది, అదీ ఇంకా లేదు కనక మళ్లీ గెట్‌ఆటర్‌కే వస్తుంది. రికర్షన్‌ఎర్రర్ వచ్చేదాకా ఇదే తిరుగుడు. పికిల్ చేసిన రేపర్‌ని తిరిగి తెరిచేటప్పుడూ ఇదే జరుగుతుంది, అంటే మల్టీప్రాసెసింగ్‌తో ఛానెల్‌ని ఇంకో ప్రాసెస్‌కి పంపితే పగిలేది ఇక్కడే. గెట్‌ఆటర్ మొదటి లైన్లోనే, అడిగిన పేరు అండర్‌స్కోర్‌తో మొదలైతే వెంటనే ఆట్రిబ్యూట్‌ఎర్రర్ విసిరేలా రాస్తే ఈ సుడి ఆగుతుంది.